సేటు జేబులో గడియారం

మార్కండేయ స్వామి సాక్షి. మా ఇంటి దీపం సాక్షి. నన్ను మోసిన తల్లి సాక్షి. ఇక్కడ రాస్తున్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధమైనా నా నాలుక మీద పుండు పుట్టుగాక. నా కథలు ఇదివరకు విన్నవాళ్లు మూతులు తిప్పుతారని తెలుసు. చందుర్తి గుట్ట మీద పులి నా దగ్గర బీడీ అడిగిన సంగతి మీరు నమ్మలేదు, సరే. దీన్ని మాత్రం నమ్మాలి. అది సరదాకు చెప్పింది, ఇది పగతో చెబుతున్నది. పగలో కల్తీ చేస్తే పగకే అవమానం.

పగ ఎవరి మీదంటే, సిరిసిల్లలో మా బాపు, నేను పని చేసిన కార్ఖానా సేటు మీద.

సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. మా కార్ఖానాలో రేకుల కప్పు కింద ఇరవై నాలుగు సాంచాలుండేవి. ఒక్కో సాంచాలో పోగును మోసే నాడె కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి ఉరుకుతూ, పోయిన ప్రతిసారీ పెట్టెకు గుద్దుకుంటుంది. ఒక్క సాంచా అయితే ఎవరో తలుపు మీద కర్రతో కొట్టినట్టుంటుంది. ఇరవై నాలుగూ కలిస్తే దాన్ని సప్పుడు అనడానికి లేదు, చెయ్యి చాపితే తగిలేటట్టుంటుంది. అక్కడ మాట్లాడుకోవాలంటే గొంతు దండగ. పెదాలతోనే పని. రెండేళ్లు పని నేర్చినవాడు నాలుగు సాంచాల అవతల నిలబడ్డవాడి పెదాలు చూసి, ‘చాయకు పోదామా’ అన్నాడో ‘సేటొస్తున్నడు’ అన్నాడో చెప్పగలడు.

మా వాడ దోమలకు కూడా మా సంగతి తెలుసు. వేరే ఊళ్లలో దోమ ముందు చెవి దగ్గర పాడుతుంది, తర్వాత కుడుతుంది. సిరిసిల్లలో తమ పాట వినే నాథుడు లేడని అవి ఎప్పుడో పాడటం మానేశాయి. నేరుగా పనిలోకి దిగేవి.

బాపు ముప్పై ఏళ్లుగా సాంచాల మధ్య ఉన్న మనిషి. ఆయన చెవి ఎవరికీ అర్థమయ్యేది కాదు. చాయ హోటల్లో కూర్చుని ఉంటే, రెండు ఇళ్ల అవతల కార్ఖానాలో ఒక్క సాంచా ఆగినా గ్లాసు పక్కన పెట్టి లేచేవాడు. పక్కనే నిలబడి అమ్మ పిలిస్తే మాత్రం పలికేవాడు కాదు.

“నేను పిలిస్తె ఇనవడది, సాంచ ఆగితె ఇనవడ్తది. నన్నెందుకు చేసుకున్నవ్, దాన్నే చేసుకోకపోయినవ్” అనేది అమ్మ.

ఆమె గొంతు పెంచితే ఆయన చెవులు మూసుకునేవాడు. “ఎందుకరుస్తున్నవే, చెవులు పలుగుతున్నయ్!”

“మెల్లగంటె ఇనవడదంటవ్. గట్టిగంటె అరువకంటవ్. నడుమ ఏడ మాట్లాడాలె నీతోని?”

మేం నవ్వేవాళ్లం. ఆ నడిమి జాగా బాపు చెవిలో నిజంగానే మాయమైందని మాకప్పుడు తెలియదు.

అవి అన్నల రోజులు. గుట్టల్లో దళాలు, రోడ్ల మీద పోలీసులు, నడుమ మాలాంటివాళ్లం. ఒకరోజు పొద్దున బాపు కోరుట్లలో ఉన్న మా అక్కను చూడటానికి బస్సెక్కాడు. చందుర్తి దాటాక పోలీసులు బస్సు ఆపి అందరినీ దింపారు. సంచులు వెతుకుతున్నారు. బాపుకు ఒంటికి వచ్చింది. రోడ్డు దిగి తుమ్మ చెట్ల వైపు నడిచాడు. హెడ్డు కానిస్టేబులు వెనక నుంచి విజిలు తీసి సీటీ ఊదాడు. బాపు ఆగలేదు. మళ్లీ ఊదాడు. ఆగలేదు. మూడోసారికి బస్సు దిగినవాళ్లందరూ చెవులు మూసుకున్నారట. బాపు మాత్రం పంచె సర్దుకుంటూ నడుస్తూనే ఉన్నాడు. అప్పుడు పోలీసుల డ్రైవరు జీపు స్టార్టు చేశాడు. ఆ గుర్రుమన్న సప్పుడుకు బాపు టక్కున వెనక్కి తిరిగాడు.

ఆయన్ను పట్టించింది ఆ తిరగడమే.

“ఏందిర, సీటీ ఇనవడది గని జీపు ఇనవడ్తదా?” అని హెడ్డు లాఠీ ఎత్తాడు. బాపు కుడి చేయి అడ్డం పెట్టాడు. మణికట్టు విరిగింది. పోగు తెగితే రెప్పపాటులో ముడివేసే చేయి అది.

స్టేషనుకు తీసుకుపోయి, ఎక్కడి మనిషో విచారించడానికి సేటుకు కబురు పెట్టారు. సేటు వచ్చాడు. ఆయన కూడా వయసులో పదిహేనేళ్లు సాంచా నడిపి తర్వాత సేటు అయినవాడే. మా చెవులేమిటో ఆయనకు తెలియని సంగతి కాదు. ఒక్క మాట, ‘ఈయనకు చెవుడు సార్’ అంటే బాపు అప్పుడే ఇంటికి వచ్చేవాడు. కానీ ఆ నెలలోనే మేం కొందరం, సాంచాల వల్ల చెవులు పోతున్నాయి, దీనికేమన్నా చెయ్యమని సేటును అడిగి ఉన్నాం. స్టేషనులో ఒప్పుకుంటే కార్ఖానాలోనూ ఒప్పుకోవాల్సి వస్తుంది.

సేటు ఎస్సై బల్ల మీదికి వంగి, మూలన కూర్చున్న బాపుకు వినబడకుండా మెల్లగా చెప్పాడు. “చెవుడా సార్? నా సాంచ ఆగితె చాయ హోటల్ల కూసుండి పసిగడ్తడు. గాయిన చెవులు పాము చెవులు.”

వినబడకుండా మెల్లగా చెప్పాడు! చెవులు బాగున్నాయని చెప్పడానికి, ఆ చెవుడునే నమ్ముకున్నాడు. ఆయన మరిచిపోయింది ఒక్కటే. బాపుకు పెదాలు చాలు.

ఇంకా రెండు రోజులు ఉంచుకుని వదిలారు. బాపు ఇంటికి వచ్చి, చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని, సేటు ఏమన్నాడో ఒక్క మాట పొల్లుపోకుండా నాకు పెదాలతోనే చెప్పాడు. గొంతు తీయలేదు.

ఆ రోజుల్లో పగ తీర్చుకోవడానికి దగ్గరి దారి ఒకటుండేది. అన్నలకు ఒక చీటీ అందితే చాలు. నేను రాశాను కూడా. బాపు అది చూసి ఎడమ చేత్తో చింపేశాడు.

“నాకు వాని పానమెందుకు కొడుకా? నలుగురి ముంగట వాని నోటితోనే ‘ఇనవడది’ అనిపియ్యి. గది చాలు నాకు.”

ఆ పూటనే నేను ఒట్టు వేసుకున్నాను. ఆ మాట ఆయన నోటితో అనిపించాలి.

ముందు ఆ చెవులకేమైందో తెలుసుకోవాలని బాపును జగిత్యాలలో ఒక చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దగ్గర కొత్తగా ఒక మిషను వచ్చింది. బాపును చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, సప్పుడు వినబడితే వేలు ఎత్తమన్నారు. లావు సప్పుళ్లకు బాపు వేలు టపటపా లేచింది. సప్పుడు సన్నబడుతున్న కొద్దీ వేలు బద్ధకించింది. చివరికి మిషను మీద ముల్లు ఊగుతూనే ఉంది, బాపు ‘ఇంకా మొదలువెట్టలేదా’ అన్నట్టు మా వైపు చూస్తున్నాడు. డాక్టరు కాగితం మీద గీసిన గీత ఎడమ నుంచి కొంత దూరం తిన్నగా వచ్చి, అక్కడ బావిలో పడ్డట్టు పడింది.

“లోపలి చెవి నత్తగుల్ల లెక్క చుట్టుకొని ఉంటదయ్యా” అన్నాడు డాక్టరు. “దాంట్ల వరుసగ సన్న నూగు ఉంటది. వాకిట్ల ఉన్న నూగు సన్న సప్పుళ్లకు పలుకుతది. సీటీ, పిట్ట, ఆడపిల్లల గొంతు. చిట్టచివర లోపల ఉన్నది లావు సప్పుళ్లకు పలుకుతది. జీపు, డప్పు, ఉరుము. నడుమ దేని జాగ దానిదే.”

“మరి సన్నదే ఎందుకు పోయింది సార్?”

“ఏ సప్పుడైన లోపటికి వోవాలంటె వాకిట్లకెల్లే గదా పోవాలె? మీ ఇంటి ముంగట నడిచే జాగల గడ్డి మొలుస్తదా? గట్లనే ఇది. నాడె కొట్టిన దెబ్బ దెబ్బకు వాకిలి నూగు పండుకుంటది. పండుకున్నది మల్ల లేవది.”

చెవికి కాపలా ఉండదా అని అడిగాను. ఉంటుందట. పెద్ద సప్పుడు వస్తే లోపల చిన్న కండ ఒకటి బిగుసుకుని కొంత ఆపుతుందట. “గని అది లేచి తలుపు వెట్టేలోపల్నే నాడె కొట్టిపోతది. ముప్పై ఏండ్లు రోజంత బిగవట్టుకోని ఉంటదా పాపం, అదీ అలిసిపోతది.”

అరిస్తే చెవులు పగులుతున్నాయంటాడు, అదేమిటని అడిగాను.

“మనకు పన్నెండు మెట్లున్నయనుకో. అడుగు మెట్టు గుసగుస. పై మెట్టు ఉరుము. ఈయనకు కింది ఎనిమిది మెట్లు ఇరిగిపోయినయ్. పై మెట్టు ఉన్నకాడనే ఉన్నది. ఎక్కుడు షురూ అయితె నాలుగడుగులల్ల నెత్తి కప్పుకు తాకుతది. నాటకం గాదయ్యా అది.”

నాటకం కాదు. ఆ మాట వినడానికి మేం సిరిసిల్ల నుంచి జగిత్యాల దాకా రావాల్సి వచ్చింది.

లేవబోతుంటే డాక్టరు నన్ను చూసి, “నువ్వు గుడ సాంచలల్లనేనా? కూసో, నీది గుడ చూస్త” అన్నాడు.

“నాకేంది సార్, నేను మంచిగున్న” అని బాపు భుజం పట్టుకుని బయటికి నడిచాను. నాకు అప్పటికే బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. సేటు పదిహేనేళ్లు సాంచా నడిపాడు. తర్వాత ఇరవై ఏళ్లు కార్ఖానా ముందు గదిలోనే గద్దె వేసుకుని కూర్చున్నాడు. ఆయన వాకిట్లో మాత్రం గడ్డి మొలుస్తుందా?

అదే దారిలో కోరుట్లలో దిగాం. మా బావ అప్పుడే దుబాయి నుంచి వచ్చి ఉన్నాడు. చేతికి అంకెల గడియారం. దానికో బొత్తం.

“ఏం బామ్మర్ది, గిది జూడు. చెప్పిన టైముకు పిట్ట లెక్క కూస్తది” అని బొత్తం నొక్కి నా ముఖం ముందు పెట్టాడు. “ఎట్లున్నది?”

“కోయిల్నే మింగినట్టున్నది బావా!” అన్నాను.

రెండు వారాలకని అడిగితే, “నీళ్లల్ల ముంచకు, సేట్లకు అమ్మకు” అని ఇచ్చాడు.

మా కుల సంఘానికి పెద్దను ఎన్నుకునే సభ ఆ వారమే. సేటు నిలబడ్డాడు. ఆ రోజుల్లో నలుగురు గుమిగూడితే పోలీసు కావాలి, కాబట్టి బందోబస్తుకు హెడ్డు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. చందుర్తి దగ్గర సీటీ ఊదిన హెడ్డే. హాలు నిండా సాంచాలవాళ్లు, నూరు మందికి తక్కువ లేరు. దండ వేసే పని నేనే అడిగి తీసుకున్నాను. దండ వేసి, సేటును గట్టిగా అలుముకుని, గడియారాన్ని ఆయన లాల్చీ పక్క జేబులోకి జారవిడిచాను. పదకొండింటికి మోగాలి.

సేటు మైకు ముందుకు వచ్చాడు. చెవుల ముచ్చట ఎవరో ఎత్తారు. ఆయన నవ్వాడు. “సాంచల సప్పుడుకు చెవులు వోతయని కొందరు మోపైన్రు. నేను ఎన్నేండ్లాయె గీ సప్పుడుల ఉండవట్టి! నా చెవులు వోయినయా? చీమ నడిస్తె ఇనవడ్తది నాకు!”

సరిగ్గా అప్పుడు మోగింది. కీ కీ, కీ కీ, కీ కీ.

ముందు వరుసలోని ముసలాయన లేచి నిలబడ్డాడు. “సేటు జేబుల ఏందో మొత్తుకుంటాంది!” వెనక నుంచి ఎవరో “బాంబు!” అన్నారు. అంతే. నూరు మంది ఒక్క తలుపు మీద పడ్డారు. కండువాలు, చెప్పులు, ఒకాయన పళ్ల సెట్టు, అన్నీ హాల్లోనే మిగిలాయి. హెడ్డు కిటికీలోంచి దూకి, బయట పోగులకు పట్టించడానికి కాచిన గంజి గంగాళంలో కూలబడ్డాడు. ఖాళీ హాల్లో సేటు ఒక్కడే మైకు పట్టుకుని, “ఎందుకురుకుతున్నరు? ఏమైంది? చెవుల ముచ్చట ఇంక అయిపోలే!” అంటున్నాడు. జేబు కీకీమంటూనే ఉంది.

బాపు నింపాదిగా వేదిక ఎక్కి, ఎడమ చేత్తో ఆ గడియారం తీసి సేటు కళ్ల ముందు ఆడించాడు. కిటికీలోంచి గంజి కారుతున్న తల లోపలికి పెట్టి హెడ్డు, “ఏందయ్యా సేటూ, నీ జేబుల మోగితె నీకే ఇనవడ్తలేదా? నాటకమాడుతున్నవా?” అని గర్జించాడు. సేటు రెండు చేతులూ జోడించి, మైకులో, ఊరంతా వినేటట్టు, “ఇనవడది సార్, నాకు ఇనవడది. మాకెవ్వలకు ఇనవడది” అని ఏడ్చాడు. రెండు రోజులు ఆయన్ను కూడా స్టేషనులో ఉంచారు.

ఒట్టు పెట్టుకుని మొదలుపెట్టాను కాబట్టి ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మోగింది అన్నదాని తర్వాత నేను చెప్పిందంతా కల్పించింది. గంజి గంగాళం కూడా. మిగతాదంతా, బాపు మణికట్టు, సేటు పెదాలు, జగిత్యాల నత్తగుల్ల, జేబులోకి జారిన గడియారం, నిజం.

నిజంగా జరిగింది ఇది. నేను మూడో వరుసలో కూర్చుని గోడ గడియారం చూస్తున్నాను. పదకొండయింది. ఎవరూ కదలలేదు. పదకొండు దాటి అయిదు నిమిషాలైంది. అంకెలు తప్పు పెట్టాను కాబోలు, నా చేతులు విరగ అని తిట్టుకున్నాను. చీమ నడిస్తే వినబడుతుందన్న సేటు ఇంకో పావుగంట మాట్లాడి కూర్చున్నాడు. హాలంతా చప్పట్లు. అందరూ కొడుతున్నారని, ఒక చేయి పనికిరాదు కాబట్టి, బాపు రెండో చేత్తో తొడ మీద కొట్టాడు. సేటు గెలిచాడు.

బయటికి వస్తుంటే హెడ్డు తలుపు దగ్గర పొగాకు నలుపుతూ అన్నాడు, “ఏం మనుషులయ్యా మీరు? ఎవ్వని గడియారమో గంతసేపు మొత్తుకుంటాంటె బందు జెయ్యుమని ఒక్కడన్న అనకపోతిరి. నాకు తలకాయ నొస్తాంది.”

మోగింది. నూరు మంది నడుమ మోగింది. నేను మూడో వరుసలోనే ఉన్నాను. దానికోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాను. కోరుట్లలో మా బావ బొత్తం నొక్కినప్పుడు కూడా నాకేమీ వినబడలేదు. ఎదురుగా మనిషి నవ్వుతుంటే వినబడిందనుకుని కోయిల అన్నాను.

మర్నాడు చాయ హోటల్లో కూర్చుని బాంబు కథ కల్పించింది అందుకే. మొదట పగతోనే చెప్పాను. నెల తిరిగేసరికి అది సిరిసిల్ల దాటి కోరుట్ల బస్టాండులో వినబడింది. విచిత్రమేమిటంటే, ఆ హాల్లో కూర్చున్నవాళ్లే “నేను గుడ ఉరికిన, చెప్పు తెగింది” అని చెప్పుకున్నారు. ఉరకలేదంటే వినబడలేదని ఒప్పుకోవాలి. అది ఎవరికీ ఇష్టం లేదు. సేటు పరిస్థితి ఇంకా అన్యాయం. ఏమీ మోగలేదు, ఎవరూ ఉరకలేదు అని ఆయన ఎంత మొత్తుకున్నా, “గదే గద సేటు, నీకు ఇనవడలే” అనేవాళ్లు. సంఘం పెద్దను చూస్తే చాలు, వెనక నుంచి ఎవరో కీ కీ అని నోటితో అనేవాళ్లు. ఆయనకు వినబడేది కాదు. నలుగురూ నవ్వడం మాత్రం కనబడేది.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయి సాంచాలన్నీ ఆగాయి. సేటు నన్ను ముందు గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. జేబులోంచి బావ గడియారం తీశాడు.

“మా మనుమరాలు చెప్పింది. రోజు పదకొండింటికి మోగుతదట గిది. ఇంట్ల అందరికి ఇనవడ్తుంది.” గడియారాన్ని చెవికి ఆనించుకున్నాడు. “నాకు ఇనవడ్తలేదు.”

బాపు అడిగిన మాట అదే. నలుగురి ముందు కాదు, అయినా ఆ నోటితోనే వచ్చింది. ఆయన మీద జాలి రాలేదు, రాలేదనే రాస్తున్నాను.

సేటు బొత్తం మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. “మనుమరాలు గిట్ల ఒత్తుమన్నది. ఇప్పుడు మోగుతాందారా?”

కార్ఖానా అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు. ఇద్దరం ఆ గడియారాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆయన నా ముఖం వైపు చూశాడు.

“మోగుతాంది సేటూ” అన్నాను. “మస్తు మోగుతాంది.”

అది కూడా నేను కల్పించిందే.